గడియారం గారి దర్శన వేళలు

ఒడిశాలోని రాయగడలో ఉండే మా తోడల్లుడికి గత ఏడాది ఒక చేతి గడియారం దొరికింది. కొన్నాడు అని రాయబోయాను గాని ఆయన ఒప్పుకోడు. ఉల్లిపాయలు కొంటారట, లారీ టైర్లు కొంటారట. ఇలాంటి గడియారాన్ని మాత్రం వాళ్లు మనకు ‘కేటాయిస్తారు’, మనం స్వీకరిస్తాం. 14 లక్షలు మన ఖాతాలోంచే పోయినా కేటాయింపు వాళ్లది, కృతజ్ఞత మనది. ఇళ్ల స్థలం పట్టా అందుకున్న పేదవాడిలా ఆ రోజు ఆయన కళ్లు చెమర్చాయని మా మరదలు చెప్పింది.

గడియారం బంగారంది కాదు. వెండిదీ కాదు. స్టీలు. మన వంటింట్లో మరచెంబు ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే, కాస్త పై శాఖ. కంపెనీ పేరు చెప్పను. చెబితే ‘మీకు ఉచ్చారణ రాదు అన్నయ్య గారూ’ అని ఆయన మళ్లీ మొదలుపెడతాడు.

ఈ వేలంవెర్రికి జన్మతిథి ఉంది. 1969 డిసెంబర్ 25న జపాన్‌లో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. సెకనుకు 8,192 సార్లు కంపించే పలుగురాయి (క్వార్ట్జ్) ముక్క అందులో ప్రాణం. స్ప్రింగులతో, పళ్ల చక్రాలతో తరతరాలుగా కాలాన్ని కొలిచిన స్విట్జర్లాండ్ పనివాళ్ల గుండెల్లో ఆ రాయి పడింది. కాలం చెప్పడంలో ఓడిపోయినవాడు ఏం చేస్తాడు? కాలం సంగతి వదిలేసి వంశం సంగతి ఎత్తుకుంటాడు. 1972లో ఓడెమార్ పిగే కంపెనీ రాయల్ ఓక్ తెచ్చింది. జెరాల్డ్ జెంటా అనే ఆయన గీసిన బొమ్మ: ఎనిమిది మూలల చట్రం, దాని మీద దాచకుండా ఎనిమిది మరలు. స్టీలుతో చేసి, అప్పటి బంగారు గడియారాలను తలదన్నే ధర పెట్టారు. నాలుగేళ్ల తరువాత అదే జెంటా పటెక్ ఫిలిప్ వాళ్లకు ఓడ కిటికీలాంటి నాటిలస్ గీసి ఇచ్చాడు. ప్రపంచంలోని అతి ఖరీదైన గడియారాల్లో ఒకటి స్టీలుతో చేసిందని వాళ్లు ప్రకటనలోనే చాటుకున్నారు. మన బజారులో ఎవరైనా ‘ఊళ్లోకెల్లా ఖరీదైన పట్టుచీర, నూలుతో నేసింది’ అని బోర్డు పెడితే నాలుగు తగిలించి పంపుతాం.

వీటి శక్తులు తక్కువవి కావు. తొలి నాటిలస్ 120 మీటర్ల లోతు నీటిని తట్టుకునేదట. వేసవిలో మా నాగావళిలో నిలబడితే మోకాలు తడవదు. మిగతా 119 మీటర్ల పైచిలుకుకూ డబ్బు కట్టాల్సిందే. రోలెక్స్ కంపెనీ డేటోనా గడియారం అంచు మీద గంటకు 400 దాకా వేగం లెక్కగట్టే అంకెలు చెక్కి ఉంటాయి. కొరాపుట్ ఘాటీ రోడ్డు మీద బొగ్గు లారీ వెనక చిక్కుకున్నవాడు ఆ అంకెల వంక చూసుకుంటే ఎంత ఊరట! తేదీ మాత్రం చూపదు. పాలవాడి లెక్కకు పనికిరాదు.

ఇక దర్శనం సంగతి.

మా తోడల్లుడు గడియారం పెట్టుకోడు. పెట్టుకుంటే గీతలు పడతాయి, గీత పడితే విలువ పడిపోతుంది. ఇంట్లో ఉంచితే దొంగల భయం. అందుకని బ్యాంకు లాకరులో వేంచేసి ఉంది. దర్శన వేళలు ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు. ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం దర్శనం లేదు. మా మామగారికి 82 ఏళ్లు. చిన్నల్లుడి గడియారం చూడకుండా పోతానేమోనని ఆయన ఒకటికి రెండుసార్లు అనడంతో ఒక శుక్రవారం కుటుంబ సమేతంగా బయలుదేరాం. ఆయన చేతికి ఎప్పటిలాగే హెచ్‌ఎంటీ జనతా ఉంది. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ప్రభుత్వ గడియారాల కుటుంబం అది. హెచ్‌ఎంటీ గడియారాల కంపెనీ మూతపడింది. మామగారు మాత్రం రోజూ కాఫీకి ముందు దానికి కీ ఇస్తూనే ఉన్నారు.

లాకరుకు రెండు తాళాలు. ఒకటి మా తోడల్లుడి దగ్గర, ఒకటి బ్యాంకు ఆఫీసరు దగ్గర. ఆఫీసరు గారు టీకి వెళ్లారు. అరగంట నిలబడ్డాం. వచ్చాక ఒక్కొక్కరిచేత సంతకం పెట్టించబోయి, ఇంతమంది ఎందుకని అడిగారు. ‘గడియారం చూడ్డానికండి’ అన్నారు మామగారు. ఆఫీసరు గారు గోడ గడియారం చూపించారు.

చివరికి ముగ్గురికి అనుమతి దొరికింది. ఇనుప గదిలో ఒక ముక్కాలిపీట. దాని మీద పసుపు గుడ్డ పరిచి మా తోడల్లుడు అట్టపెట్టె తీశాడు. అందులో చెక్కపెట్టె, అందులో తోలుపెట్టె, అందులో మెత్తటి దిండు, దిండును కావలించుకుని గడియారం. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్నాడు. గొలుసు కొక్కేనికి అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. తీస్తే అది ‘వాడిన గడియారం’ అయిపోతుందట. ఆ పొర ఒక మూల కాస్త లేచి దుమ్ము పట్టి ఉంది. ఆ మూలను ఆయన గోటితో సుతారంగా నొక్కిన తీరు చూస్తే, పసిబిడ్డ బొడ్డుకు పసుపు అద్దే అమ్మమ్మ గుర్తొచ్చింది.

మామగారు కళ్లజోడు సరిచేసుకుని వంగారు. చాలాసేపు చూశారు.

‘ఇది ఆగిపోయింది కదా అల్లుడూ?’

‘ఆగదు మామగారూ, విశ్రాంతి తీసుకుంటుంది. పెట్టుకుంటే చేతి కదలికకు నడుస్తుంది. లేకపోతే మూడు రోజులు.’

‘అయితే కీ ఇవ్వు.’

‘వద్దండీ. పదే పదే తిప్పితే అరిగిపోతుంది.’

‘ఒకసారి చేత్తో పట్టుకోనా?’

‘చేతికి తేమ ఉంటుందండీ.’

మామగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ముళ్లు ఎనిమిదీ పది దగ్గర నిలిచి ఉన్నాయి. ఏ రోజు ఎనిమిదీ పదో, పగలో రాత్రో ఎవరికీ తెలియదు. భోజన విరామానికి ఇంకా ఎంతసేపుందో చూడ్డానికి మా తోడల్లుడు ఫోను తీశాడు.

తలుపు దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు. ఒడియా మనిషి, తెలుగు మాకన్నా స్పష్టంగా మాట్లాడతాడు. ‘వెండిదా ఆజ్ఞా?’ అని అడిగాడు. ఆజ్ఞా అంటే వాళ్ల ‘అండీ’. స్టీలని చెప్పాను. ధర మా తోడల్లుడే చెప్పాడు, చెప్పడానికే కదా అంత దూరం వచ్చింది. గార్డు నవ్వలేదు. ఈ ఉద్యోగానికి ముందు అతను ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం కలిసిన లోహం) కొలిమి దగ్గర కాంట్రాక్టు పని చేశాడు. ‘స్టీలు తుప్పు పట్టకుండా అందులో వేసేది మేం కరిగించిందే ఆజ్ఞా’ అన్నాడు, అంతే.

అది నిజం. క్రోమియం కనీసం పదిన్నర శాతం లేకపోతే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అనరు. రోలెక్స్ వాళ్లు వాడే 904ఎల్ రకంలో అయిదో వంతు క్రోమియమే. మన దేశపు క్రోమైట్ నిక్షేపాల్లో నూటికి తొంభైకి పైగా ఒడిశాలో, ముఖ్యంగా జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉన్నాయి. ఆ లోయను 2007లో ప్రపంచంలోని పది అతి కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చారు, తవ్వకాలు నీళ్లలో కలిపిన క్రోమియం విషం పుణ్యాన. మా జిల్లాలోనే తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉంది. స్విట్జర్లాండ్ వాళ్ల క్రోమియం ఏ గని నుంచి వస్తుందో వాళ్లనే అడగాలి. కానీ కొలిమి ఎక్కడిదైనా వేడి ఒకటే. చేతి గడియారంలో ఉన్న ఉక్కుకు ఎంత ధారాళంగా వెలకట్టినా వెయ్యి రూపాయలు దాటదు. పనితనానికి మరికొన్ని వేలు, పోనీ లక్ష వేయండి. అంచులు చేత్తో నునుపు చేసే పనివాడి నైపుణ్యాన్ని నేను కాదనను, ఆ మాటకొస్తే పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు చెక్కే పనివాడిని ఇంకా కాదనను. మిగతా పదమూడు లక్షలు దేనికి?

వరుసలో నిలబడినందుకు. నిలబెట్టినందుకు.

మా తోడల్లుడు మహానగరంలో ఆ దుకాణానికి మొదటిసారి వెళ్లినప్పుడు, డబ్బుల సంచితో వెళ్లాడు. గాజు పెట్టెల్లో గడియారాలున్నాయి. అమ్మరట, అవి చూపించడానికి. పేరు రాయించుకోమన్నారు. ఎన్నో నంబరని అడిగితే చిరునవ్వు నవ్వారు. రైల్వే వెయిటింగ్ లిస్టులో కనీసం నంబరిస్తారు, బండి బయలుదేరే ముందు చార్టు వేస్తారు. ఇక్కడ నంబరుండదు, చార్టుండదు. ‘మీతో మాకు అనుబంధం పెరగాలి’ అన్నారట. అనుబంధం ఎలా పెరుగుతుంది? పక్క సామాను కొంటే. మా మరదలు పెట్టుకోని ఆడవాళ్ల గడియారం ఒకటి, ఎవరి వేలికీ పట్టని ఉంగరం ఒకటి, మొత్తం 9 లక్షలు. అప్పుడు గాని 14 లక్షలది కేటాయించలేదు.

సరిగ్గా ఆ వర్షాకాలంలోనే గుణుపురం దగ్గర మా బావ యూరియా కోసం నిలబడ్డాడు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి చెప్పులు వరుసలో పెట్టాడు. ఎవరూ తన్నెయ్యకుండా ఆధార్ కార్డు నకలు మీద రాయి పెట్టాడు. పదకొండింటికి షట్టరు లేచింది. 266 రూపాయల యాభై పైసల బస్తా కావాలంటే జింకు పొట్లం, ఏదో నీళ్ల మందు సీసా కూడా కొనాలన్నారు. దాన్ని మా వైపు ‘లింకు’ అంటారు. లింకు పెడితే చర్యలు తప్పవని అధికారులు ఏటా పత్రికల్లో హెచ్చరిస్తారు, ఏటా లింకు ఉంటుంది. బావ దగ్గర అంత డబ్బు లేదు. ఒక బస్తా వదులుకుని ఒక బస్తా తెచ్చుకున్నాడు. నాట్లు వేసి ఇరవై రోజులైన వరికి ఎరువు ఎప్పుడు పడాలో అతనికి రోజుల లెక్కన తెలుసు. ఆ లెక్కకు స్విట్జర్లాండ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆలస్యమైన ప్రతి రోజూ చేను పచ్చదనంలో కనిపిస్తుంది.

రెండూ ఒకే వ్యాపారం. సరుకు బిగబట్టు, మనిషిని నిలబెట్టు, అక్కర్లేనిది అంటగట్టు. ఒకడికి చేస్తే గౌరవమట, మురిసిపోయి నలుగురికీ చెప్పుకుంటాడు. ఇంకొకడు మాత్రం మాట్లాడకుండా సీసా చంకలో పెట్టుకుని ఇంటికి పోవాలి. ఆ రోజు కూలి పోగొట్టుకుని మా బావ వరుసలో గడిపిన ఏడు గంటలకు ఏ వేలంపాటలోనూ పాట లేదు. సిగ్గు లేకపోతే సరి! కొరతను కొని తెచ్చుకుని పసుపు గుడ్డ మీద పెట్టి పూజ చేసే మనం, కొరతలో పుట్టి కొరతలో పోయేవాడి వంక కన్నెత్తి చూడం. చూసినా ‘వీళ్లకు ఓపిక లేదు, తోసుకుంటారు’ అంటాం. నాలుగింటికి చెప్పులు పెట్టి చూడండి, ఓపిక ఎవరికి ఉందో తెలుస్తుంది.

సరే. పెట్టుబడి కదా అంటారు. 2021లో పటెక్ వాళ్లు నీలం ముఖం నాటిలస్ ఆపేశారు. ఆ డిసెంబరులో, 170 మాత్రమే చేసిన, టిఫనీ నగల కంపెనీ వారి లేత నీలం రంగు ముఖం రకం ఒకటి న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లు పలికింది. దాని అసలు ధర 52 వేల డాలర్ల చిల్లర. అది చూసి ఊరూరా కొన్నారు. మరుసటి ఏడాది వసంతం దాటగానే చేతులు మారిన గడియారాల ధరలు జారడం మొదలైంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ధాన్యం గురించి అన్న మాట స్టీలుకూ పనికొచ్చింది.

మొన్న మా తోడల్లుడు ఫోను చేశాడు. రెండో గడియారం కేటాయింపు వచ్చేలా ఉందట. ఆయన లాకరు పక్క సామానుతో నిండిపోయింది. బ్యాంకులో కొత్త లాకరుకు, మీరు నమ్మరు, వెయిటింగ్ లిస్టు ఉందట.

‘మీ లాకరులో ఖాళీ ఉంటుందా అన్నయ్య గారూ?’

ఉందన్నాను. అయితే లింకు ఉందన్నాను. ముందు మా బావకు రెండు బస్తాల యూరియా తెచ్చిపెట్టాలి, మనుషులను పంపడం కుదరదు, స్వయంగా నిలబడాలి. అప్పుడు మన అనుబంధం గురించి ఆలోచిద్దాం.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తన చెప్పులు కాస్త ఖరీదైనవనీ, వరుసలో పెడితే మళ్లీ దొరుకుతాయా అనీ అడిగాడు.