‘వంద శాతం బోనస్’ వెనక 70 వేల పందెం

‘వెయ్యి వేయండి, రెండు వేలతో ఆడండి’ అని టెలిగ్రామ్‌లో తిరిగే ఆన్‌లైన్ కాసినోల మెసేజ్ పచ్చి అబద్ధం అనుకుంటాం గానీ, కాదు. వెయ్యి డిపాజిట్ చేస్తే నిజంగానే రెండు వేలు కనిపిస్తాయి. కనిపించడం వరకే ఆ మాట నిజం. ఆ రెండు వేలలో మీ వెయ్యిని మీరు వెనక్కి తీసుకోవాలన్నా సరే, అంతకుముందు ఎంత పందెం కాయాలో చెప్పే షరతు ఒకటి ఉంటుంది. దాన్నే వేజరింగ్ అంటారు, కొన్ని సైట్లలో రోల్ఓవర్, టర్నోవర్ అని రాస్తారు. బోనస్ సంగతి తేల్చేది ఆ షరతే, వంద శాతమా రెండొందల శాతమా అన్నది కాదు.

మొన్న శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతుంటే తెలిసిన కుర్రాడొకడు ఫోన్ నా ముందు పెట్టాడు. డిగ్రీ చదువుతున్నాడు. స్క్రీన్ పైన బ్యాలెన్స్ 4,260 రూపాయలు, దాని కింద సన్నటి ఆకుపచ్చ గీత, గీత పక్కన 18 శాతం. విత్‌డ్రా బటన్ బూడిద రంగులో ఉంది, ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ‘నా వెయ్యి కూడా ఇవ్వట్లేదండి, ఇంకా ఎంత ఆడాలేటి?’ అన్నాడు. నిబంధనల పేజీ వెతికి తీస్తే అక్కడ ఉంది: డిపాజిట్, బోనస్ కలిపిన మొత్తానికి 35 రెట్లు. అంటే 2,000 ఇంటూ 35, అక్షరాలా 70,000 రూపాయల పందెం. గీత 18 శాతం దగ్గర ఉందంటే 12,600 కాశాడు, ఇంకా 57,400 కాయాలి. అతను 35 అన్న అంకె ముందే చూశాడట. వెయ్యి రూపాయల బోనస్‌కి కాబోలు, 35 వేలు తిప్పితే చాలు అనుకున్నాడు. అసలు తిరకాసు అక్కడే. ‘35 రెట్లు’ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు, దేనికి 35 రెట్లో మాత్రం లోపలెక్కడో ఉంటుంది, బోనస్‌కి మాత్రమేనా లేక రెండూ కలిపా అన్నదాన్ని బట్టి పందెం సగానికి సగం మారిపోతుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. డెబ్బై వేలు కాయడమంటే జేబులోంచి డెబ్బై వేలు పెట్టడం కాదు కదా, గెలుస్తాం, ఓడతాం, అదే డబ్బు తిరుగుతుంది, నష్టమేంటి? నష్టం ఆ తిరగడంలోనే ఉంది. ఏ కాసినో ఆటలోనైనా ఇంటివాడి, అంటే ఆట నడిపేవాడి, వాటా కొంత ముందే లెక్కలో కలిసి ఉంటుంది. సున్నా ఒకటే ఉండే యూరోపియన్ రౌలెట్‌లో 37 గడులు, సరైన గడి పడితే ఒకటికి 35 ఇస్తారు, అందుకని ప్రతి వంద రూపాయల పందెం మీద సగటున 2 రూపాయల 70 పైసలు పోతుంది. అమెరికన్ రౌలెట్‌లో సున్నాతో పాటు ‘00’ అనే గడి ఇంకొకటి చేరుతుంది, పోయేది 5 రూపాయల 26 పైసలవుతుంది. ఆన్‌లైన్ స్లాట్లలో, అంటే బొమ్మల చక్రాలు తిప్పే ఆటల్లో, రిటర్న్ 96 శాతం అని గొప్పగా రాస్తారు, దానర్థం నాలుగు శాతం వాడిది. ఒకే స్లాట్‌ని 96, 94, ఇంకా తక్కువ రిటర్న్‌తో వేర్వేరు రకాలుగా సైట్లకు ఇచ్చే కంపెనీలున్నాయి, కాబట్టి మీ స్క్రీన్ మీద ఉన్నది ఏ రకమో ఆట సమాచారం పేజీలో చూస్తే తప్ప తెలీదు.

నాలుగు శాతమే అనుకుందాం. 70,000 మీద నాలుగు శాతం 2,800. చేతిలో ఉన్నదే 2,000! సగటు లెక్కలో 50 వేల పందెం దగ్గరే డబ్బంతా అయిపోవాలి, షరతు ఇంకా 20 వేలు మిగిలే ఉంటుంది. సగటు అంటున్నాను, ఒకడికి మధ్యలో పెద్దది తగలొచ్చు, ఇంకొకడు పది నిమిషాల్లో ఖాళీ అవ్వొచ్చు. తగిలినవాడి స్క్రీన్‌షాటే మళ్లీ టెలిగ్రామ్‌లో తిరుగుతుంది, మిగతావాళ్లవి ఎవరూ పెట్టరు.

మన కుర్రాడు తగిలినవాళ్లలోకే వస్తాడు, 2,000 కాస్తా 4,260 అయింది కదా. అతని లెక్కే చూద్దాం. మిగిలిన 57,400 మీద నాలుగు శాతం 2,296. అది పోతే చేతిలో 1,964. ఇక ఆ బోనస్ ఆడుకోవడానికే తప్ప తీసుకోవడానికి కాదని, విత్‌డ్రా చేసేటప్పుడు బోనస్ వెయ్యి కోసేస్తారని అదే పేజీలో ఇంకో లైను. మిగిలేది 964. అదృష్టం కలిసొచ్చి రెట్టింపు చేసినవాడు కూడా, చెప్పినదంతా చేస్తే, సగటున పెట్టిన వెయ్యికి 36 తక్కువతో బయటపడతాడు. ఈ లెక్క టీ కొట్టు బల్ల మీద వేసి చూపిస్తే ఆ కుర్రాడు కాసేపు నమ్మలేదు.

ఏ బోనస్‌నైనా తూచడానికి ఒక చిన్న చిట్కా ఉంది. వందని ఇంటివాడి శాతంతో భాగించండి. నాలుగు శాతమైతే 25 వస్తుంది. బోనస్‌కి మాత్రమే 25 రెట్లు అడిగితే ఆ బోనస్ విలువ సున్నా, అంతకుమించి అడిగితే అది మీకిస్తున్నది కాదు, మీ దగ్గర తీసుకుంటున్నది. డిపాజిట్‌తో కలిపి అడిగే వంద శాతం బోనస్‌కైతే ఆ హద్దు పన్నెండున్నర రెట్ల దగ్గరే. ఇప్పుడు 35, 40, 50 అనే అంకెలు చూడండి, అవి ఎక్కడున్నాయో. బ్రిటన్‌లో జూదం చట్టబద్ధమే, అయినా అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ షరతు పది రెట్లు దాటకూడదని 2025లో ప్రకటించింది. ఆటలు నడవనిస్తూనే దీన్ని కట్టడి చేయాల్సొచ్చిందంటే ఈ ఒక్క షరతు ఎంత పని చేస్తోందో అర్థమవుతుంది.

రౌలెట్‌లో తక్కువే పోతుంది కదా, అక్కడ తిప్పేసుకుంటాను అనే తెలివైనవాళ్ల కోసం కూడా ఏర్పాటుంది. స్లాట్‌లో వంద కాస్తే వందా లెక్కలోకి వస్తుంది, రౌలెట్‌లో చాలా చోట్ల పదో ఇరవయ్యో, బ్లాక్‌జాక్‌లో అంతకన్నా తక్కువ, కొన్ని ఆటలకు ఏమీ రాదు. షరతు బోనస్‌కి మాత్రమే అనుకున్నా, పది శాతం లెక్కన 35 వేలు పూర్తి కావాలంటే మూడున్నర లక్షల పందెం కాయాలి, దాని మీద 2.7 శాతం అంటే 9,450. వెయ్యి రూపాయల బోనస్‌కి! పైగా ఒక్క పందెం ఇంతకు మించకూడదన్న పరిమితి ఉంటుంది, పొరపాటున ఒక్కసారి దాటినా గెలిచిందంతా రద్దు చేసే హక్కు వాడికుంటుంది. గడువు కూడా ఉంటుంది, వారమో నెలో. ఇరవై రూపాయల స్పిన్‌తో 70 వేలు పూర్తి చేయాలంటే 3,500 సార్లు తిప్పాలి, ఒక్కోదానికి ఐదు సెకన్లేసుకున్నా దాదాపు ఐదు గంటలు. ఐదు రూపాయలతో జాగ్రత్తగా ఆడేవాడికి 14,000 సార్లు. గడువు దగ్గరపడుతుంటే టెన్షన్‌తో పందెం పెంచేస్తారు, వాడికి కావాల్సిందీ అదే.

సంక్రాంతి రోజుల్లో తోటల్లో దొంగచాటుగా నడిచే గుండాటలో కూడా చివరికి బాగుపడేది ఆడించేవాడే, అదీ నేరమే. కానీ అక్కడ గెలిచినవాడు డబ్బు జేబులో వేసుకుని లేచిపోవచ్చు, ‘ఇంకో మూడు వేల సార్లు ఆడితేనే ఇస్తా’ అని చెయ్యి పట్టుకోరు.

సరే, అన్నీ సరిగ్గా చేసి షరతు వంద శాతం పూర్తి చేశాడనుకుందాం. అప్పుడైనా ఇవ్వకపోతే ఎవరిని అడుగుతాడు? ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం చేసింది, ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అంతకన్నా పాతది, ఎవరూ పట్టించుకోనిది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. దాని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన డబ్బు కోసం కోర్టులో దావా వేయడానికి లేదు. అంటే ఆ నిబంధనల పేజీలో ఉన్న షరతులన్నీ వాడు మీ మీద అమలు చేస్తాడు గానీ మీరు వాటిని పట్టుకుని నిలదీయలేరు. ఎక్కడో కురాసావ్ దీవి లైసెన్స్ అని అడుగున ఒక బొమ్మ, చాట్‌లో జవాబిచ్చే ఏజెంటు, సైట్ బ్లాక్ అయితే రెండో రోజుకి కొత్త లింకు. డిపాజిట్‌కి ఇచ్చే యూపీఐ ఐడీ కూడా ఒక్కోసారి ఒక్కో ఊరి మనిషిది, కమీషన్‌కి ఆశపడి అకౌంట్ అద్దెకిచ్చినవాడిది. కేసు పడితే మొదట ఫ్రీజ్ అయ్యేది ఆ అకౌంటే, అది మన టెక్కలి కుర్రాడిదో పలాస కుర్రాడిదో అయి ఉండొచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు ఒక మాట. షరతు పూర్తయ్యాక ‘ముందు ట్యాక్స్ కట్టండి, తర్వాత విత్‌డ్రా’ అని మెసేజ్ వస్తే అది మోసమే. మన చట్టంలో గెలుపు మీద పన్నుని ఇచ్చేవాడు అందులోంచే కోసుకుని ఇస్తాడు, మీ చేత విడిగా డిపాజిట్ చేయించడు. అన్‌లాక్ ఫీజు, వెరిఫికేషన్ ఫీజు కూడా ఇదే బాపతు. ఇంకో రూపాయి వేయకుండా అక్కడే ఆపి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి అకౌంట్‌లో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ. చేసేముందు యూటీఆర్ నంబర్లు (ఒక్కో చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే నంబరు), డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీలు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. లింకు మారిపోతే ఆ చాట్ మళ్లీ దొరకదు.