అరువు చేతులతో ఎన్నికల కాపలా

మన ఎన్నికల్లో పరాయి చెయ్యి ఉందా అన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా పైకి తేలుతోంది. 2024 డిసెంబరు 6న రుమేనియా రాజ్యాంగ న్యాయస్థానం తొలి విడత ముగిసిన అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసినప్పుడు, సామాజిక మాధ్యమాల మీదుగా ఒక దేశపు ఓటును బయటివారు మళ్లించగలరన్న భయం ఇక్కడికీ పాకింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా రద్దు చేసిన నిధుల జాబితాలో భారత్‌లో ఓటింగ్ పెంపు పేరిట 2.1 కోట్ల డాలర్ల పద్దు కనబడగానే, ఆ సొమ్ము ఎవరికి ముట్టిందో చెప్పాలంటూ పార్టీలు ఒకదానినొకటి నిలదీసుకున్నాయి.

ఈ అప్రమత్తతను తప్పుపట్టలేం. అయితే పరాయి సొమ్ము మీద ఇంత ఆగ్రహం చూపే పార్టీల చరిత్రను కూడా ఓటరు గుర్తుంచుకోవాలి. కాంగ్రెస్, భాజపా రెండూ విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని ఉల్లంఘించాయని ఢిల్లీ హైకోర్టు 2014 మార్చి 28న తేల్చింది. చర్య తీసుకోవలసిన చోట చట్టమే మారిపోయింది. విదేశీ సంస్థ అన్న మాటకున్న నిర్వచనాన్ని 2016లో ఆర్థిక బిల్లు ద్వారా సడలించారు. అది చాలక 2018లో మరో ఆర్థిక బిల్లు ద్వారా ఆ సడలింపును 1976 ఆగస్టు 5 నుంచే వర్తింపజేశారు. నలభై రెండేళ్ల వెనక్కి వెళ్లి తప్పును ఒప్పుగా మార్చిన ఆ బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే గట్టెక్కింది. తలుపు లోపలివారే తీశారు.

అందుకే నా దృష్టిలో ఎన్నికలకు అసలు ముప్పు సముద్రం దాటి వచ్చేది కాదు. ఎన్నికల యంత్రాంగానికి వెలుపల ఉంటూ, ఆ యంత్రాంగంలో పనిచేసే ప్రతి మనిషి జీతాన్నీ బదిలీనీ పదోన్నతినీ తన గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ ఒకటుంది. అది ప్రభుత్వం. 2024 సార్వత్రిక ఎన్నికలకు దాదాపు 97 కోట్ల ఓటర్లు, పదిన్నర లక్షల పోలింగ్ కేంద్రాలు, కోటిన్నర మంది పోలింగ్, భద్రతా సిబ్బంది అని ఎన్నికల సంఘమే ప్రకటించింది. ఆ కోటిన్నర మందిలో ఎన్నికల సంఘానికి సొంతంగా ఉన్నవారు పిడికెడు. మిగిలిన వారంతా అరువు మనుషులే: బడి నుంచి వచ్చిన పంతులమ్మ, తహసీల్దారు, స్టేషన్ ఎస్సై, జిల్లా కలెక్టరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 28ఏ సెక్షన్ ప్రకారం నోటిఫికేషన్ వెలువడిన రోజు నుంచి ఫలితాల ప్రకటన దాకా వీరు ఎన్నికల సంఘం అదుపులో ఉంటారు. ఫలితాలు వచ్చిన మరునాడు, గెలిచినవారి అదుపులోకి వెళతారు.

ఈ అరువు బేరం ఎలా తెగుతుందో విజయవాడలో ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు, మన కళ్లముందే జరిగింది. అది స్థానిక ఎన్నికల వ్యవహారమే అయినా పాఠం దేశమంతటికీ వర్తిస్తుంది. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. నెల తిరగకముందే, ఏప్రిల్ 10న, కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదిస్తూ ఆర్డినెన్స్ వచ్చి ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది. జులై నెలాఖరుకు గానీ ఆయన తిరిగి కుర్చీలో కూర్చోలేకపోయారు. అందరికీ గుర్తున్న కథ ఇంతవరకే. నన్ను కలవరపెట్టేది దాని తరువాతి భాగం. 2021 జనవరిలో పంచాయతీ ఎన్నికలకు షెడ్యూలు ఇచ్చాక, టీకాలు అందేదాకా విధులకు రాలేమని ఉద్యోగ సంఘాలు అన్నాయి. తొలి విడత నామినేషన్లు స్వీకరించవలసిన జనవరి 25న ఆ పని సాగనే లేదు. కమిషన్ షెడ్యూలును మార్చుకోవలసి వచ్చింది. అదే రోజు సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఉద్యోగ సంఘాల పిటిషన్లను తోసిపుచ్చిన తరువాతే యంత్రాంగం కదిలి, ఫిబ్రవరి 9న తొలి విడత పోలింగ్ జరిగింది. కమిషనర్‌కు రాజ్యాంగం ఉంది, హైకోర్టు తీర్పు ఉంది, పట్టుదల ఉంది. లేనిదల్లా బ్యాలెట్ పెట్టె మోసే చెయ్యి.

2024 సార్వత్రిక ఎన్నికల్లో ఇదే లోపం మరో రూపంలో బయటపడింది. ఎన్నికల సంఘం ఏప్రిల్‌లో గుంటూరు రేంజ్ ఐజీని, పల్నాడు ఎస్పీని మార్చింది. పోలింగ్‌కు ఎనిమిది రోజుల ముందు డీజీపీని మార్చింది. అయినా పోలింగ్ రోజైన మే 13న పల్నాడులో జరిగిన హింసను దేశమంతా చూసింది. చివరకు పల్నాడు కలెక్టరును బదిలీ చేసి, తాను వేసిన ఎస్పీనే సంఘం సస్పెండ్ చేయవలసి వచ్చింది. నెలన్నర కోసం వచ్చిన పై అధికారి మాట స్టేషన్‌లో ఎంతవరకు నడుస్తుంది? ఎవరి సిఫార్సు లేఖతో తనకు ఆ పోస్టింగ్ వచ్చిందో, ఎన్నికల తరువాత ఎవరు తనను వీఆర్‌కు, అంటే పోస్టింగ్ లేని ఖాళీ జాబితాకు, పంపగలరో ఎస్సైకి బాగా తెలుసు.

దీనికి ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది, దానిని తేలికగా తీసేయలేను. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో అంబేడ్కరే అరువు సిబ్బంది పద్ధతిని సమర్థించారు. ఒకప్పుడు నిండా పని, మరొకప్పుడు ఏ పనీ లేని సంస్థకు ప్రత్యేక యంత్రాంగాన్ని నిలిపి ఉంచడం వృథా అన్నారు. ఎన్నికల పనిలో ఉన్నంతకాలం ఆ ఉద్యోగి కమిషన్ అదుపులో ఉంటే చాలునని భావించారు. కోటిన్నర మందిని శాశ్వతంగా పోషించమని నేనూ అడగడం లేదు. కానీ ఎన్నికల్లో నిష్పాక్షికంగా నిలబడిన అధికారిని ఆ తరువాత ఏరి శిక్షించడం ఒక పాలనా సంప్రదాయంగా మారుతుందని ఆ రోజు సభలో ఊహించి ఉంటారని నేను అనుకోను.

ఆ సంప్రదాయానికి మన రాష్ట్రంలో పార్టీ భేదం లేదు. 2019 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం నియమించిన ప్రధాన కార్యదర్శిని, అప్పుడు గెలిచిన ప్రభుత్వం ఆ ఏడాది నవంబరులోనే తప్పించింది. 2024లో ప్రభుత్వం మారాక, ఆగస్టులో, పోస్టింగ్ లేని 16 మంది ఐపీఎస్ అధికారులు మంగళగిరి డీజీపీ కార్యాలయానికి వచ్చి ఉదయం, సాయంత్రం సంతకాలు పెట్టాలని ఆదేశాలు వెలువడ్డాయి. వారిలో ఎవరు తప్పు చేశారో విచారణ తేల్చాలి, తేల్చనివ్వండి. కానీ ఆ సంతకాల పుస్తకాన్ని చూసి రాష్ట్రంలోని ప్రతి డీఎస్పీ, ప్రతి ఆర్డీఓ నేర్చుకున్న పాఠం ఒక్కటే, రాబోయేది ఎవరో ముందుగా పసిగట్టి వారి పక్షాన ఉండాలని. ఎస్పీకీ, స్టేషన్ హౌస్ అధికారికీ కనీసం రెండేళ్ల స్థిర పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22నే ఆదేశించింది. సివిల్ అధికారులకు కూడా కనీస పదవీకాలం నిర్ణయించాలని 2013 అక్టోబరు 31న టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో చెప్పింది. ఈ రెండు తీర్పులనూ నిజాయితీగా అమలు చేసి ఉంటే, ఎన్నికల సంస్కరణ పేరిట ఈ వ్యాసంలో సగం రాయనక్కరలేకపోయేది. బదిలీల అధికారం ఎమ్మెల్యే ఇంటి వరండాలో ఉన్నంతకాలం ఢిల్లీలోని ఎన్నికల సంఘం కార్యాలయం నిర్వాచన్ సదన్‌లో ఎంతటి మొనగాణ్ణి కూర్చోబెట్టినా లాభం లేదు.

కమిషనర్లను ఎవరు ఎంపిక చేయాలన్న వివాదం ముఖ్యమైనదే. సుప్రీంకోర్టు 2023 మార్చి 2 తీర్పుతో ఎంపిక సంఘంలో ప్రధాన న్యాయమూర్తికి దక్కిన స్థానం అదే ఏడాది డిసెంబరు చట్టంతో కేంద్ర మంత్రికి పోవడం సరికాదని నా అభిప్రాయం కూడా. అదే తీర్పులో సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి శాశ్వత సచివాలయం, దేశ ఖజానా అయిన సంచిత నిధి నుంచి నేరుగా ఖర్చు గురించి కేంద్రానికి విజ్ఞప్తి చేసింది. ఎంపిక సంఘం మీద జరిగిన రభసలో ఆ మాటను పట్టించుకున్నవారు లేరు.

నేను కోరే సవరణకు రాజ్యాంగాన్ని ముట్టుకోనక్కరలేదు. 28ఏ సెక్షన్‌లో ఒక్క ఉపవాక్యం చేర్చాలి: ఎన్నికల విధుల్లో ఉన్న కలెక్టరు, ఎస్పీ, రిటర్నింగ్ అధికారి, స్టేషన్ హౌస్ అధికారిని ఫలితాల తరువాత రెండేళ్ల దాకా ఎన్నికల సంఘం రాతపూర్వక సమ్మతి లేకుండా బదిలీ, సస్పెన్షన్ చేయరాదు, పోస్టింగ్ లేకుండా ఖాళీగా కూర్చోబెట్టరాదు. కేంద్ర ప్రభుత్వం ఈ రోజు మన రాష్ట్ర ఎంపీల మద్దతు మీద ఆధారపడి నడుస్తోంది. ఆ ఎంపీలు ఢిల్లీలో నిధుల జాబితా పట్టుకుని తిరిగే ప్రతిసారీ ఈ ఒక్క వాక్యాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలి. 2029 నోటిఫికేషన్‌కు ఇంకా సమయముంది.