ఫ్రంట్‌పేజ్ గారికి, అమీర్‌పేట నుంచి

అయ్యా ఫ్రంట్‌పేజ్ గారూ,

వెబ్‌సైట్లు కట్టిపెట్టే సాఫ్ట్‌వేర్ అయిన మీరు మైక్రోసాఫ్ట్ సొంత బిడ్డ అనే మా మైత్రీవనం చుట్టుపక్కల చాలామంది అనుకునేవాళ్లు. కాదు కదా! 1994లో ఛార్లెస్ ఫెర్గూసన్, ర్యాండీ ఫోర్‌గార్డ్ అమెరికాలో పెట్టిన వర్మీర్ టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీలో పుట్టారు, 1996 జనవరిలో సుమారు 13 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్‌కి దత్తత వెళ్లారు. వెళ్లినవారు ఇంటిపేరు మార్చుకోవద్దా? మీరు కట్టిన ప్రతి సైట్‌లోనూ '_వీటీఐ_' అని మొదలయ్యే ఫోల్డర్లు పెట్టారు. వీటీఐ అంటే వర్మీర్ టెక్నాలజీస్ ఇన్‌కార్పొరేటెడ్ అని ఎంతమందికి తెలుసు? ఏదో చెత్త అనుకుని వాటిని డిలీట్ చేసినవాడికి అప్పుడు తెలిసేది మీ పౌరుషం.

కోడ్ రాకపోయినా వెబ్‌సైట్ కట్టొచ్చని మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు కూడా. కాకపోతే మీరు రాసిన హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ కోడ్) చూస్తే కోడ్ వచ్చినవాడికి కూడా ఏమీ అర్థమయ్యేది కాదు, నాలుగు మాటలకి ఫాంట్ ట్యాగులు, టేబుల్లో టేబుల్, దాంట్లో ఇంకో టేబుల్. ఇక సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే హిట్ కౌంటర్! మెనూలోంచి ఒక్క క్లిక్‌తో పెట్టేయొచ్చు, కానీ అది తిరగాలంటే హోస్టింగ్ సర్వర్‌లో మీ ఎక్స్‌టెన్షన్లు అనే తోడు ప్రోగ్రాములు ఉండాలి, లేకపోతే అంకెలు ఉండాల్సిన చోట విరిగిపోయిన బొమ్మ. మార్క్యూ సంగతి మాత్రం అడక్కండి. "స్వాగతం సుస్వాగతం" అని కుడి నుంచి ఎడమకి పాకించడం మనవాళ్లకి ఎంత నచ్చిందంటే, మీరు పోయినా ఆ పాకుడు పోలేదు, ఇప్పటికీ ఏ కాలేజీ సైటో తెరిస్తే అడ్మిషన్ల నోటీసు పరిగెడుతూనే ఉంటుంది, క్లిక్ చేద్దామంటే అందదు.

2003 మీ చివరి వెర్షన్. 2006లో మిమ్మల్ని సాగనంపి, ఆస్తిని ఎక్స్‌ప్రెషన్ వెబ్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌కి, కంపెనీల లోపలి సైట్లు నడిపే షేర్‌పాయింట్ కోసం చేసిన షేర్‌పాయింట్ డిజైనర్‌కి పంచారు. మొదటాయన్ని 2012లో ఉచితంగా ఇచ్చేశారు, అంటే అర్థం తెలిసిందేగా. షేర్‌పాయింట్‌లో మాత్రం '_వీటీఐ_బిన్' అలాగే ఉండిపోయింది. గచ్చిబౌలిలో కుర్రాళ్లు ఇప్పటికీ ఆ అడ్రస్ టైప్ చేస్తున్నారు, అది ఎవరి ఇంటిపేరో తెలియకుండానే.

ఇంకో మాట. "కోడింగ్ రానక్కర్లేదు" అనే మాట మళ్లీ మార్కెట్లోకి వచ్చింది, ఈసారి ఏఐ పేరుతో. ఇవి రాసే కోడ్ మీదానికంటే పొడుగు, పైగా ఎందుకలా రాశావని అడిగితే క్షమాపణ చెప్పి ఇంకాస్త రాస్తాయి. మీరు కనీసం నోరు మూసుకుని రాసేవారు.

ఇట్లు,
ఇప్పటికీ మీ పాత పేజీల్లో ఖాళీ ఫాంట్ ట్యాగులు ఏరుతున్న ఒకడు