స్వయంకృషి ఒక్కటే కాదు

మనిషి తన జీవితాన్ని పూర్తిగా తానే నిర్మించుకుంటాడని ఒక వ్యాసంలో వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో, బెంగళూరులో సమాజశాస్త్రం చదువుతున్న విద్యార్థినిగా నేను ఏకీభవించలేకపోతున్నాను. వ్యక్తికి వెలుపల ఉంటూనే అతనిపై ఒత్తిడి తెచ్చే ఆలోచనా రీతులను, ప్రవర్తనా పద్ధతులను ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1895లోనే 'సామాజిక వాస్తవాలు' అన్నారు. బెంగళూరులోని మారతహళ్లిలో మేము అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు ఒక యజమానురాలు కులం అడగలేదు, "మీరు వెజిటేరియన్లేనా? ఇంటిపేరేమిటమ్మా?" అని మాత్రం అడిగారు, మా అమ్మ వెంటనే గొంతు తగ్గించి మాట్లాడింది. ఈ నగరంలోనే చివరి దశాబ్దాలు గడిపిన సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కులాన్ని గ్రంథాలలో కాక నిత్యవ్యవహారంలో చూడాలన్నారు. శ్రమకు విలువ లేదని నేననడం లేదు గానీ, ఇంగ్లిషు మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఇంటర్వ్యూలో చూపే నిబ్బరాన్ని కేవలం ప్రతిభగా లెక్కగట్టడం అన్యాయం.