సాక్ష్యంలో కర్త ఎవరు?

ఒంగోలు దగ్గర ఒక బాప్టిస్టు సంఘం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ మైకులో చెప్పే సాక్ష్యాలకి గంటన్నర, ఆ తర్వాత వాగ్దానాల బుట్ట: కొత్త ఏడాదికి తన వాగ్దానంగా ఒక్కొక్కరూ అందులోంచి ఒక బైబిలు వచనం చీటీ తీసుకుంటారు. యౌవనస్థుల నాయకుడు చీటీలు కత్తిరిస్తున్నాడు. ఆ సంఘంలో ఏళ్ల తరబడి సండే స్కూలు చెబుతున్న అతని పెద్దమ్మ ఎదురుగా కూర్చుంది.

పెద్దమ్మ: ఎన్ని చీటీలురా అబ్బాయ్?

అబ్బాయి: మూడొందల ఇరవై. కాగితానికి పది లెక్కన ముప్పైరెండు కాగితాలు.

పెద్దమ్మ: ఏం వచనాలు వేశావు?

అబ్బాయి: ఎప్పుడూ వేసేవే. యిర్మీయా 29:11, యెషయా 41:10, ద్వితీయోపదేశకాండములో తోకగా కాక తలగా నియమిస్తానన్న మాట, ఇంకా కీర్తనలు.

పెద్దమ్మ: తన్నుతాను ఉపేక్షించుకొని సిలువ ఎత్తుకోమన్న మాట? లూకా 9:23?

అబ్బాయి: కొత్త సంవత్సరం పూట ఆ చీటీ ఎవరు తీసుకుంటారు పెద్దమ్మా? పోయినేడు ఒకాయనకి శ్రమ అన్న మాటున్న చీటీ వస్తే మడిచి బుట్టలో వేసి ఇంకోటి తీసుకున్నాడు.

పెద్దమ్మ: చూశావా, మన పనికి ఎక్కడ గండి పడిందో ఆ మనిషే చూపించాడు. ఆయన దేవుడి మాట వినడానికి చెయ్యి పెట్టలేదు, తనకి ఈ ఏడు ఏం దక్కుతుందో చూసుకోడానికి పెట్టాడు. తప్పు ఆయనది కూడా కాదు, బుట్ట అట్టా తయారుచేసిన మనది. యిర్మీయా 29:11 సంగతే తీసుకో. "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" వరకే చీటీ మీద పడుతుంది. దాని పైనున్న పదో వచనం పడదు. బబులోనులో డెబ్భై సంవత్సరాలు గడవాలని అక్కడుంది. బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరం అది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని రాసుంది. ఆ ఉత్తరం విన్న నలభై ఏళ్లవాడు తిరుగు ప్రయాణం చూడకుండానే బబులోనులో కన్ను మూస్తాడు. అయినా ఆ వాగ్దానం అబద్ధం కాలేదు. ఎందుకంటే అది ఆ ఒక్కడి గురించి కాదు, దేవుడు తన జనాన్ని విడిచిపెట్టడని. మనం డెబ్భై ఏళ్లు కత్తిరించేసి, ఈ ఏడే నీకు వీసా వస్తుందన్నట్టు చీటీ చేతిలో పెడుతున్నాం.

అబ్బాయి: నువ్వు చెప్పింది పాఠంలో బాగుంటుంది. బుట్టలో చెయ్యి పెట్టేది ఎవరు? అప్పు తీరక, పొగాకు రేటు పడిపోయి, పిల్లకి సంబంధం కుదరక వచ్చినవాళ్లు. వాళ్లని ముందు చెర గురించి చదవమంటావా? ప్రభువు ప్రార్థనలో రొట్టె అడగమని ఆయనే నేర్పాడు గదా.

పెద్దమ్మ: నేర్పాడు. ఎన్నో విన్నపంగా నేర్పాడు? నీ నామము, నీ రాజ్యము, నీ చిత్తము, ఈ మూడూ అయ్యాక మా అనుదినాహారము. ఆ "మా" కూడా చూడు. ఆ ప్రార్థన మొత్తంలో "నా" అన్న మాట ఒక్కసారి కూడా రాదు. మనం నాలుగోదాంతో మొదలుపెట్టి అక్కడే ఆమెన్ అంటున్నాం.

అబ్బాయి: మరి కీర్తనలో? పదమూడో కీర్తన ఆరు వచనాలే. దావీదు మొదటి రెండింట్లోనే "ఎంతకాలము", "ఎంతవరకు" అని నాలుగుసార్లు అడిగాడు. నన్ను మరచిపోవుదువా అన్నాడు. ఆయనకి లేని నిషేధం మన జనానికి ఎందుకు?

పెద్దమ్మ: నిషేధం కాదురా. ఆ మాట దావీదు ఎవరితో అన్నాడు? దేవుడి మొహం మీదే అన్నాడు. అయిదో వచనానికి "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను" దగ్గరికొచ్చాడు. ఆ మలుపు మన సాక్ష్యాల్లో కనపడటంలేదనే నా బాధ. పోయినేడు విన్నావుగా: నేను నలభై రోజులు ఉపవాసమున్నాను, నేను తెల్లవారుజామున మూడింటికి లేచాను, నేను విడవకుండా పట్టుబట్టాను, నాకు స్థలం రిజిస్ట్రేషన్ అయింది, దేవునికి స్తోత్రం. క్రియలన్నిటికీ కర్త తనే. దేవుడు చివర రెండు మాటల్లో వచ్చాడు. లూకా 18లో, ధర్మశాస్త్రం తు.చ. తప్పకుండా పాటిస్తానని చెప్పుకునే పరిసయ్యుడి ప్రార్థన కూడా "దేవా" అని మొదలై కృతజ్ఞతాస్తుతులే చెబుతుంది. వారానికి రెండు ఉపవాసాలు, సంపాదనలో పదో వంతు, అన్నీ నిజాలే. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది పక్కన నిలబడి పాపినని ఒప్పుకున్న సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు.

అబ్బాయి: అయితే ప్రభువు స్వస్థపరచిన ఆ దయ్యాలు పట్టినవాడి సంగతేంది? తనతో ఉంటానంటే వద్దని, ఇంటికెళ్లి చెప్పమన్నాడు. లూకా 8:39.

పెద్దమ్మ: ఏమని చెప్పమన్నాడో చదువు.

అబ్బాయి: "దేవుడు నీకెట్టి గొప్ప కార్యములు చేసెనో."

పెద్దమ్మ: చేసింది ఎవరు?

అబ్బాయి: సరే, ఒప్పుకుంటా. ఒక్కటడుగుతా, నొచ్చుకోవద్దు. వెనక చాప మీద కూర్చునే ఆడవాళ్లున్నారు. సంవత్సరమంతా ఇంట్లో వాళ్ల మాట వినేవాడుండడు. ఆ రాత్రి మైకు ముందు మూడు నిమిషాలే వాళ్లది. వ్యాకరణం సరిగా లేదని అదీ తీసేస్తావా? ఇంకోటి. నేను నా వైపు చూసుకుంటున్నానా, దేవుడి వైపు చూస్తున్నానా అని గంటగంటకి తడిమి చూసుకోవడం కూడా తన వైపు చూసుకోవడమే గదా? మీ తరంలో కొందరు నా అయోగ్యత, నా అయోగ్యత అని ఏళ్ల తరబడి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోకుండా ఆగిపోయారు.

పెద్దమ్మ: (కొంచెం ఆగి) అది దెబ్బేరా. కాదనను. అయోగ్యత లెక్కపెట్టుకోవడం కూడా పరిసయ్యుడి లెక్కే, తలకిందులుగా. తన్ను తాను పరీక్షించుకొనవలెను అని పౌలు రాసిన తర్వాతి మాట ఆ రొట్టెను తినమనేగాని వెనక్కి పొమ్మని కాదు. స్కాట్లాండులో ముప్పై నిండకుండానే 1843లో చనిపోయిన మెక్‌షేన్ అనే పాస్టరు, నీ వైపు ఒకసారి చూసుకుంటే క్రీస్తు వైపు పదిసార్లు చూడు అన్నాడు. ఆ ఒక్కసారి ఉండాలి. అది పది కాకూడదు.

అబ్బాయి: మరి మన పూర్వీకులు? గంజి కోసం, కాలవ కూలి కోసం క్రైస్తవుల్లో కలిశారు అని ఊళ్లో ఇప్పటికీ అంటారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మంది ఆకలితో వచ్చినవాళ్లు కాదా?

పెద్దమ్మ: ఆ మాట నా ముందు అనొద్దు. కరువులో బకింగ్‌హాం కాలవ పనిలో మూడున్నర మైళ్లు ఒంగోలు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, నిజమే. కానీ ఆ పదిహేను నెలలూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం అయిపోయాకే నీళ్లలోకి దిగారు.

అబ్బాయి: సాయం జ్ఞాపకం అప్పటికి పోయిందా?

పెద్దమ్మ: పోలేదులే. కృతజ్ఞత లేకుండా ఎవరూ రారు. అయినా ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున మారి మారి దిగారు. అది నువ్వు పిల్లలకి చెప్పవు, అంకె చెబుతావు.

అబ్బాయి: అంకె నువ్వే నేర్పావు పెద్దమ్మా, సండే స్కూల్లో.

పెద్దమ్మ: నేర్పాను. ఇప్పుడు ఆ కొండ సంగతి కూడా చెప్పు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొరా ఆయన భార్యా, మన వాళ్లు ముగ్గురూ ఒంగోలు కొండెక్కి మోకాళ్లూనారు. తమకి ఈ ఏడు వాగ్దానమేంటని అడగలేదు. ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని అడిగారు. క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు. ఆ మధ్య వచ్చిన ఏ డిసెంబరు 31కీ వాళ్ల దగ్గర చెప్పడానికి సాక్ష్యం లేదు.

అబ్బాయి: అయితే ఏం చేద్దామంటావు?

పెద్దమ్మ: సాక్ష్యం మూడు నిమిషాలే. ముందు రోజు ఒక్కొక్కరితో కూర్చుని సిద్ధం చెయ్యి. కష్టం ఒక్క మాటలో, ఏం అడిగారో ఒక్క మాటలో. దేవుడు ఏం చేశాడో మాత్రం తీరిగ్గా చెప్పనివ్వు. దాంతో ఆయన ఎట్టాంటివాడని తెలిసిందో చివర. రూపాయల లెక్కలొద్దు, ఇరుగుపొరుగు పేర్లొద్దు. చీటీకి ఒకవైపు వచనం, వెనక దాని పైనా కిందా ఉన్న వచనాలు. కాగితానికి పది కాదు, నాలుగే పడతాయి.

అబ్బాయి: అంటే ఎనభై కాగితాలు. జవాబు రానివాళ్ల సంగతి?

పెద్దమ్మ: ఇదంతా వాళ్ల కోసమేరా. మనం పెట్టే సాక్ష్యాల్లో అడిగింది దొరికినవాడే నిలబడగలడు. కొడుకు పోయిన తల్లికి ఏం సాక్ష్యం? చాప అంచున తల వంచుకుని కూర్చుని, నా ప్రార్థనలో లోపముందేమో అనుకుంటుంది. అదే సాక్ష్యం దేవుడి గురించైతే ఆమె కూడా లేవగలదు. అంజూరపు చెట్లు పూయకపోయినా యెహోవాయందు ఆనందించెదను అని హబక్కూకు ప్రవక్త అన్నది చెట్లు పూసిన తర్వాత కాదు.

అబ్బాయి: మార్చిలో కొడుకు పోయిన ఆమె వస్తుంది ఆ రాత్రి. మొదట ఆమెని పిలవమంటావా?

పెద్దమ్మ: మైకులో పేరు పిలవొద్దు. రేపు నేను ఇంటికెళ్లి అడుగుతా. వద్దంటే పక్కన కూర్చునొస్తా. నువ్వు ఆ కాగితాలు తిరగేసి పెట్టు, కత్తిరించినవి వెనకవైపు అచ్చుకి పనికిరావు.