బిగించమన్నారు సరే, ఏ కండరాన్ని?
దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోయే ఇబ్బందికి కెగెల్ వ్యాయామాలు (మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కటి కండరాలను బిగించి వదలడం) మేలు చేస్తాయని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రాసింది నిజమే గాని, "రోజూ కాసేపు బిగించి వదలండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల చాలామంది నాలాగే తప్పు కండరాన్ని బిగిస్తూ నెలలు వృథా చేసుకునే ప్రమాదం ఉంది. రెండో కాన్పు తరువాత నీళ్ల బిందె ఎత్తాలన్నా జంకిన నేను, పొట్టనూ పిరుదులనూ బిగపట్టి అదే వ్యాయామమనుకున్నాను. ఫిజియోథెరపిస్టు నా పొట్ట మీద చెయ్యి ఉంచి, "ఇది కదలకూడదమ్మా, గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పటిలా లోపలికీ పైకీ లాగండి, ఊపిరి మాత్రం ఆపకండి" అన్నప్పుడు గాని తేడా తెలియలేదు. 1948లో ఈ వ్యాయామాల గురించి ప్రచురించిన అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ సైతం, కండరం సరిగా బిగుస్తున్నదో లేదో కొలవడానికి ప్రత్యేకంగా ఒక పరికరాన్నే వాడారు. నోటి మాటతో అయ్యే పని కాదని ఆయనకు అప్పుడే తెలుసన్నమాట.

బ్రిటన్‌లోని వైద్య ప్రమాణాల సంస్థ నైస్ మార్గదర్శకాల ప్రకారం రోజుకు 3 సార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపుల చొప్పున, నిపుణుల పర్యవేక్షణలో కనీసం 3 నెలలు చేయాలి. వారం రోజులకే ఫలితం లేదని మానేసేవారికి ఈ గడువు ముందే చెప్పాలి. మూత్రాన్ని మధ్యలో ఆపడాన్నే రోజువారీ వ్యాయామంగా పెట్టుకోకూడదని కూడా వ్యాసంలో చేర్చవలసింది. నాకైతే అన్నిటికన్నా అక్కరకు వచ్చింది, తుమ్ము వస్తుందనగానే ముందుగా ఆ కండరాన్ని బిగించడం. ఇప్పుడు పోపు ఘాటుకు కూడా భయపడటం లేదు.