మైనస్ స్క్రూడ్రైవర్‌తో చరిత్ర పరిశోధన

నిన్న మధ్యాహ్నం నా ఇంట్లోనే, నా చేతులతో నేనే వేసుకున్న తాళం వెనుక గంటంబావు సేపు బందీనై కూర్చున్నాను. పాత ఇంటికి మరమ్మతులు సాగుతున్నాయి. వెనుక గది తలుపుకు లోపలివైపు బిగించిన పెట్టెలాంటి ఇనుప తాళం ఉంది. కిటికీ గూట్లో దాని చెవి దొరికింది. తలుపు మూసి తిప్పి చూశాను. గడియ పడింది. వెనక్కి తిప్పబోతే పట్టుకునే భాగం నా చేతిలోకి ఊడివచ్చింది, పళ్లున్న ముక్క తాళంలోనే ఉండిపోయింది.

ఇంతవరకు ఎవరికైనా జరగవచ్చు. కానీ ఆ తాళం చరిత్రను నేను అప్పటికి వారం రోజులుగా ఊదరగొడుతున్నాను. తలుపు బయటివైపు చెవి రంధ్రం మీది మూత ఊడినప్పుడు రాలిపడిన స్క్రూకు మొన లేదు. 19వ శతాబ్దం నడిమి దాకా స్క్రూలు అలా మొండిగానే ఉండేవనీ, ముందుగా చెక్కకు రంధ్రం తొలిచి గాని వాటిని బిగించేవారు కారనీ నేను చదివి ఉన్నాను. ఆ ఒక్క మొండి స్క్రూను సాక్ష్యంగా పెట్టుకుని తాళం వయసు నూట డెబ్బై ఏళ్లకు తగ్గదని తీర్పు చెప్పి, ఇంటికి వచ్చినవారినల్లా ఆ తలుపు ముందు నిలబెట్టాను. మా మేస్త్రీ కూడా ప్రతిసారీ “అవునండీ, ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ” అంటూ తలూపాడు. ఆ తల ఊపిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

కిటికీ ఊచల అవతల నుంచి నా భార్య, “తాళం మీవైపే ఉంది కదా, నాలుగు స్క్రూలూ విప్పేస్తే పోలేదా?” అని అడిగింది. పోయేదే. కానీ నా దగ్గర మైనస్ స్క్రూడ్రైవర్ ఒక్కటే ఉంది. ఉదయం పనికుర్రాడు పనిముట్ల పెట్టె తెచ్చి గదిలో పెట్టబోతే, “ప్లస్ స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు పొందిందే 1936లో, అంతకు ముందెప్పటిదో అయిన ఈ తాళం దగ్గర ఆ స్క్రూడ్రైవర్‌తో పనేముంది?” అని ఉపన్యసించి పెట్టెను వెనక్కి పంపింది నేనే.

స్క్రూ తలల మీద రంగు దిబ్బలా పేరుకుని ఉంది. గోటితో గీకడం మొదలుపెట్టాను. పైన తెలుపు, దాని కింద నీలం, ఇంకా కింద నాచురంగు ఆకుపచ్చ. ఒక్కొక్క పెచ్చు లేచినప్పుడల్లా ఒక్కొక్క తరం వెనక్కి వెళుతున్నట్లు నా ఒళ్లు పులకరించింది. తాళం ఇరుక్కున్నదనీ, మేస్త్రీకి ఫోన్ చేస్తే “పది నిమిషాల్లో ఉంటానండీ” అని చెప్పి అరగంట దాటిందనీ కూడా మరచిపోయాను. ఆకుపచ్చ కింద అడ్డంగా ఒక గాడి కనబడింది. “చూశావా, ఒకటే గాడి!” అని కిటికీ వైపు కేక వేశాను. కేక ముగిసే లోపు మరొక పెచ్చు రాలింది. మొదటి గాడిని సరిగ్గా నడుమ ఖండిస్తూ నిలువుగా ఇంకొక గాడి, చక్కని కూడిక గుర్తు. మిగిలిన మూడూ గీకాను. మూడూ కూడికలే.

తాళం పాతదే అయి, స్క్రూలు మాత్రం తరువాత మార్చి ఉండవచ్చునని కిటికీ దగ్గర నిలబడి వాదించాను. ఆవిడ వినిపించుకోలేదు. ఎవరూ తెరవలేరని పేరుపడ్డ బ్రామా తాళాన్ని 1851లో హాబ్స్ అనే నిపుణుడు తెరవడానికి 16 రోజుల మీద 51 గంటలు పట్టిందని కూడా చెప్పాను. నా గంటంబావు అంత అవమానం కాదని నా ఉద్దేశం. ఆవిడ లోపలికి వెళ్లి వచ్చి, ఊచల సందులో నుంచి ప్లస్ స్క్రూడ్రైవర్ అందిస్తూ, “ఇదిగోండి, మీ ఫిలిప్స్ గారు పంపించారు” అంది.

తాళం ఊడివచ్చిన తరువాత మేస్త్రీ తీరిగ్గా దిగాడు. నా చేతిలోని తాళాన్ని చూసి, “ఇదాండీ? ఇంతకు ముందున్నవారికి నేనే బిగించానండీ, వేరే ఇంట్లో విప్పేసిన తలుపుది” అన్నాడు.

“మరి ఆ మొండి స్క్రూ?”

“బిగిస్తుంటే మొన విరిగిందండీ. మూతకే కదా అని అలాగే వదిలేశాను.”

వారం రోజులుగా ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. అంత ముచ్చటగా చెబుతున్న పెద్దమనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదనుకున్నాడట. ఆ తరువాత ముందు గది తలుపు బందుల వైపు చూస్తూ, “వాటి సంగతి కూడా ఇప్పుడే చెప్పేయమంటారా?” అన్నాడు.